సంతలో కొత్తవాళ్లకి చోటు

పర్లాకిమిడి

చిన్నారులూ,

మా బజారుకి సూపర్‌మార్కెట్ రానివ్వకూడదని కొట్లవాళ్లు రాసిన అర్జీ మీద తాతయ్య ఎందుకు సంతకం పెట్టలేదని ఫోన్‌లో అడిగారు. 40 ఏళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నవాణ్ణి. అది వస్తే నా బేరం తగ్గుతుంది, ఆ టెన్షన్ నాకూ ఉంది. అయినా పెట్టలేదు.

నా పడుచుతనంలో ఇక్కడికి దగ్గర్లో ఒక సంతలో ఇలాంటి కట్టుబాటే పెట్టారు. ఉన్న కొట్లు చాలు, కొత్తవి వద్దన్నారు. నేనూ చేయెత్తాను. మొదటి ఏడాది బేరాలు బాగానే సాగాయి. ఆ తర్వాత చోటుకే ధర పుట్టింది. కొట్టు ఎత్తేసేవాళ్లకి సరుకు మీదకన్నా ఆ చోటు మీదే ఎక్కువ డబ్బొచ్చేది. అంత పెట్టి కొనగలిగింది ఇద్దరు షావుకార్లే. చూస్తుండగానే సగం సంత వాళ్లదైంది.

కొండ మీంచి ఒక సవర తెగ ఆవిడ చింతపండు బుట్ట నెత్తిన పెట్టుకుని తెల్లారేసరికి దిగేది. గోనె పరిచి కూర్చుంటే లేపేసేవారు. చివరికి బుట్ట షావుకారు అరుగు మీద దించి, ఆయన చెప్పిన ధరకే ఇచ్చేసి, కొంగున చిల్లర ముడేసుకుని వెళ్లిపోయేది. మధ్యాహ్నానికి అదే చింతపండు అదే అరుగు మీద ఎక్కువ ధర పలికేది. ఆవిణ్ణి లేపించినవాళ్లలో నేనూ ఉన్నానే అని ఇప్పటికీ బాధే. కొనేవాళ్లేమో మా ఒడిశా సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం దారి పట్టారు. సరిహద్దు దాటితే మన కట్టుబాటు ఎవరికి పట్టింది?

ఫ్రాన్స్‌లోనూ ఇలాగే జరిగింది. చిన్న కొట్లని కాపాడాలని 1973లో రువాయే అనే మంత్రి చట్టం తెచ్చాడు. చిన్న ఊళ్లలో 1,000, పెద్ద ఊళ్లలో 1,500 చదరపు మీటర్లు దాటే దుకాణానికి స్థానిక కమిటీ ఒప్పుకోవాలి. ఆ కమిటీలో వ్యాపారుల ప్రతినిధులూ ఉండేవారు. 1996లో ఆ హద్దుని 300కి దించారు. బెర్ట్రాండ్, క్రమార్జ్ అనే ఆర్థికవేత్తలు 2002లో అచ్చయిన పరిశోధనలో లెక్క తీశారు. కొత్తవాళ్లని ఆపిన కొద్దీ అప్పటికే పాతుకుపోయిన పెద్ద దుకాణాల పట్టు బిగిసింది, దుకాణాల్లో ఉద్యోగాలు మాత్రం పెరగాల్సినంత పెరగలేదు. 2008లో హద్దుని మళ్లీ 1,000కి పెంచారు.

తూకం సరిగ్గా ఉండాలి, కల్తీ ఉండకూడదు, లారీలు రోడ్డు మీద ఆపకూడదు. ఇవి పాతవాళ్లకీ కొత్తవాళ్లకీ ఒకేలా పెట్టమంటే ఇప్పుడే సంతకం చేస్తాను. అదే మావాళ్లకి చెప్పాను. ఇంకొకటి కూడా రాయమన్నాను. కొండ నుంచి వచ్చే ఆడవాళ్లు రుసుము లేకుండా కూర్చోవడానికి బజారులో ఒక వరస వదలాలని. వాళ్లింకా ఒప్పుకోలేదు. రేపు మళ్లీ వెళ్లి అడుగుతాను.

మీ తాతయ్య