ఫ్యాక్టరీ బైక్ ఉంటే చాలా? మోటార్‌సైకిల్ రేసింగ్‌లో అపోహలు – వాస్తవాలు

రేస్ బైక్ నుంచి వచ్చే డేటా చదవడం నా పని. ఏ రేసు గురించి మాట్లాడినా చివరికి ఎవరో ఒకరు అనే మాట ఇదే: "వాడికి ఫ్యాక్టరీ సపోర్ట్ ఉంది కాబట్టి గెలిచాడు." ఫ్యాక్టరీ సపోర్ట్, అంటే బైక్ తయారుచేసే కంపెనీ అండ, నిజమే, దాని విలువ కూడా నిజమే. కానీ అది ఎక్కడ పనిచేస్తుందో, రూల్స్ దాన్ని ఎక్కడ పట్టి ఆపుతాయో తెలియక రైడర్ల కష్టాన్ని, మెకానిక్‌ల కష్టాన్ని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తుంటారు. అందుకే ఇది రాస్తున్నాను. ఎక్కువగా మోటోజీపీ (రేసు కోసమే తయారుచేసే బైక్‌ల ఛాంపియన్‌షిప్) గురించి, కొంచెం సూపర్‌బైక్ (షోరూమ్‌లో అమ్మే మోడళ్లతో నడిచేది) గురించి.

అపోహ: ఫ్యాక్టరీ టీమ్‌కి బలమైన ఇంజిన్ ఇస్తారు, శాటిలైట్ టీమ్‌కి (కంపెనీ బైక్ తెచ్చుకుని నడిపే విడి టీమ్‌కి) మిగిలింది పడేస్తారు.

ఒకప్పుడు ఈ మాటలో చాలా నిజం ఉండేది. 2006లో ఎస్టోరిల్‌లో టోనీ ఎలియాస్ శాటిలైట్ హోండా మీద రోసీని సెకనులో వెయ్యింట రెండు వంతుల తేడాతో ఓడించాడు. ఆ తర్వాత ఫ్యాక్టరీ టీమ్ కాని టీమ్ గెలవడానికి పదేళ్లు పట్టింది. 2016లో అస్సెన్‌లో వానలో జాక్ మిల్లర్ గెలిచాడు, అదే ఏడాది బ్రనోలో కాల్ క్రచ్‌లో గెలిచాడు. ఈ రెండు రేసుల్లో వాన కలిసొచ్చిందనేవాళ్లు ఉన్నారు. నిజమే, కానీ 2016లోనే ఇంకో పెద్ద మార్పు వచ్చింది. అప్పటిదాకా ఫ్యాక్టరీలు ఈసీయూలో (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌లో) సొంత సాఫ్ట్‌వేర్ వాడుకునేవి. ట్రాక్షన్ కంట్రోల్ (వెనక చక్రం జారకుండా చూసేది), ఇంజిన్ బ్రేకింగ్, వీలీ కంట్రోల్ (ముందు చక్రం పైకి లేవకుండా చూసేది) అన్నీ అందులోనే ఉంటాయి. అక్కడ పదుల సంఖ్యలో ఇంజినీర్లు రాసే కోడ్‌తో అద్దె బైక్ తెచ్చుకున్న టీమ్ పోటీపడలేదు. 2016 నుంచి హార్డ్‌వేర్‌తో పాటు సాఫ్ట్‌వేర్ కూడా అందరికీ ఒకటే అయింది.

దాని ఫలితం కళ్లముందే ఉంది. 2022లో ఎనియా బాస్టియానీని శాటిలైట్ టీమ్ గ్రెసీనిలో ముందు ఏడాది డుకాటీ మీద నాలుగు రేసులు గెలిచాడు. 2024లో మార్క్ మార్కెజ్ అదే టీమ్‌లో, అలాగే ఏడాది పాత బైక్ మీద మూడు గెలిచాడు. ఆ ఏడాది టైటిల్ శాటిలైట్ టీమ్ ప్రమాక్ రైడర్ హోర్హే మార్టిన్‌ది. ఫ్యాక్టరీ టీమ్‌లో ఉన్న బన్యాయా 11 గ్రాండ్ ప్రీలు (మెయిన్ రేసులు) గెలిచి కూడా 10 పాయింట్ల తేడాతో రెండో స్థానంలో ఆగిపోయాడు. అయితే ఒకటి చెప్పాలి. మార్టిన్ బైక్ కూడా ఆ ఏడాది కొత్త బైకే, బన్యాయాకి ఇచ్చిందే. శాటిలైట్ టీమ్ అన్నంత మాత్రాన పాత బైక్ అని అర్థం కాదు. ఎవరి కాంట్రాక్ట్‌లో ఏం రాసుకున్నారన్నదే లెక్క.

మరి ఫ్యాక్టరీ టీమ్‌కి ఇప్పుడు దక్కే లాభం ఏమిటి? కొత్త పార్ట్ మొదట ఎవరి గ్యారేజీకి వస్తుందన్నది ఒకటి. రైడర్ "మూలమలుపులో ముందు టైర్ జారుతోంది" అంటే, వచ్చే ఏడాది ఫ్రేమ్ ఆ మాటను బట్టి మారుతుందా లేదా అన్నది రెండోది. నా దృష్టిలో రెండోదే అసలు ఫ్యాక్టరీ సపోర్ట్. బైక్ ఎవరి ఒంటికి సరిపోయేలా ఎదుగుతుందో ఆ రైడర్‌కి ఉండే ఆధిక్యం ఏ రూల్‌తోనూ పోదు.

అపోహ: ఈసీయూ, సాఫ్ట్‌వేర్ ఒకటే కాబట్టి ఎలక్ట్రానిక్స్‌లో అందరూ సమానం.

అందరికీ ఒకే సాఫ్ట్‌వేర్ ఇచ్చినా దాన్ని నింపేది మనమే. ఏ మలుపులో, ఏ గేరులో, టైర్ ఎంత అరిగాక ఎంత టార్క్ వదలాలో ప్రతి ట్రాక్‌కీ ఒక్కో అంకె వేసుకోవాలి. మంచి అంకెలు రావాలంటే డేటా కావాలి. ఒకే కంపెనీ బైక్‌లు నాలుగో ఆరో ఎనిమిదో ట్రాక్ మీద ఉండి, అందరి డేటా అందరికీ కనబడితే, శుక్రవారం సాయంత్రానికే ఎన్నో రైడింగ్ స్టైళ్లు పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. 2022 నుంచి 2024 వరకు డుకాటీ బైక్‌లు ఎనిమిది ఉండేవి. రెండే బైక్‌లున్న కంపెనీకి ఆ పోలిక దొరకదు. రైడర్ ఒకడు పడిపోతే సగం డేటా పోయినట్టే. ఇది మోసం కాదు, రూల్స్ ఒప్పుకున్నదే. కానీ సమానం అనడం సరికాదు.

దీనికి పక్కనే ఇంకో అపోహ ఉంది: ఎనిమిది బైక్‌లుంటే కన్‌స్ట్రక్టర్ పాయింట్లు (బైక్ కంపెనీకి వచ్చే పాయింట్లు) ఎనిమిదింతలు వస్తాయని. రావు. ప్రతి రేసులో ఆ కంపెనీ బైక్‌లలో ముందున్న ఒక్కదాని పాయింట్లే లెక్కలోకి వస్తాయి.

అపోహ: కన్సెషన్లు (వెనకబడిన కంపెనీలకి రూల్స్‌లో ఇచ్చే వెసులుబాట్లు) ఓడిపోయేవాళ్లకి ఇచ్చే దానం.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆధునిక రేసింగ్‌లో అందరికంటే ఆలోచించి రాసిన రూల్ ఇదే అని నా నమ్మకం. 2023 దాకా ఉన్న పద్ధతి పోడియంల (మొదటి మూడు స్థానాల) మీద నడిచేది. ఆ ఏడాది హోండా సీజనంతా తడబడింది, అయినా ఆస్టిన్‌లో అలెక్స్ రిన్స్ గెలిచిన ఒక్క రేసు ఉంది కాబట్టి పాత లెక్కలో సాయానికి అర్హత లేదు. 2023 చివర్లో పద్ధతి మార్చారు. రాగల మొత్తం కన్‌స్ట్రక్టర్ పాయింట్లలో ఎంత శాతం తెచ్చుకున్నారో చూస్తారు. 85 శాతం పైన ఉంటే 'ఏ' (A) ర్యాంక్, 60 నుంచి 85 లోపు బీ, 35 నుంచి 60 లోపు సీ, 35 లోపు డీ.

ఈ పద్ధతి తెచ్చినప్పుడు ఒక్కో ర్యాంక్‌కి ఏం రాశారో చూడండి. టెస్టింగ్ టైర్లు 'ఏ' ర్యాంక్‌కి 170, బీకి 190, సీకి 220, డీకి 260. 'ఏ' ర్యాంక్ కంపెనీకి వైల్డ్ కార్డ్ ఎంట్రీలు (మామూలు బైక్‌లకి అదనంగా ఇంకో బైక్‌ని రేసులో దింపే అవకాశాలు) అసలు లేవు, బీకి మూడు, సీ, డీలకి ఆరేసి. డీ ర్యాంక్ వాళ్లు సీజన్ మధ్యలో ఇంజిన్ డిజైన్ మార్చుకోవచ్చు, అసలు రైడర్లతోనే టెస్టింగ్ చేసుకోవచ్చు. మిగతావాళ్లు ప్రైవేట్ టెస్టింగ్ టెస్ట్ రైడర్లతోనే కానిచ్చుకోవాలి. ఇందులో ఎక్కడా పాయింట్లు ఊరికే ఇవ్వడం లేదు, ముందున్నవాడి బైక్‌కి బరువు కట్టడం లేదు. వెనకబడినవాడికి నేర్చుకునే సమయం ఎక్కువిస్తున్నారు, అంతే. ఆ సమయాన్ని వాడుకోవడం చేతకాకపోతే డీలోనే ఉంటారు.

హోండాదే తీసుకోండి. 2024లో 20 రౌండ్లు, రౌండుకి స్ప్రింట్‌తో (శనివారం జరిగే చిన్న రేసుతో) కలిపి గరిష్ఠంగా 37 పాయింట్లు, మొత్తం 740. డుకాటీ 722 తెచ్చుకుంటే హోండా 75 దగ్గర ఆగింది. 2025లో 22 రౌండ్లకి మొత్తం 814. అందులో 35 శాతం అంటే 284.9. హోండా సీజన్ ముగించింది సరిగ్గా 285తో. చివరి రేసులో వలెన్సియాలో లూకా మరీనీ ఏడో స్థానంలో వచ్చి తెచ్చిన తొమ్మిది పాయింట్లతో ఆ గీత దాటి సీ ర్యాంక్‌కి వెళ్లింది. డీలో ఉంటే దొరికే సౌకర్యాలు పోతాయని తెలిసి కూడా వాళ్లు ఆ ఏడో స్థానం కోసం పోరాడారు. దానం తీసుకునేవాళ్లు చేసే పనేనా ఇది?

అపోహ: ఫ్యాక్టరీ తప్పు చేస్తే పట్టుకోరు.

2020లో యమహా ఇంజిన్లలో ఆమోదం పొందిన డిజైన్‌కి సరిపోని వాల్వులు వాడినట్టు తేలింది. కంపెనీకి 50, ఫ్యాక్టరీ టీమ్‌కి 20, యమహా శాటిలైట్ టీమ్ పెట్రోనాస్‌కి 37 పాయింట్లు కోశారు. రైడర్ల పాయింట్లు మాత్రం ముట్టుకోలేదు. అప్పట్లో దీనిమీద చాలా గొడవ జరిగింది. నా అభిప్రాయం: ఇంజిన్ సీల్ చేసి వస్తుంది, లోపల ఏ వాల్వు ఉందో రైడర్‌కి తెలిసే దారే లేదు, కాబట్టి అతన్ని వదిలేయడం న్యాయం. అయితే ఆ ఇంజిన్‌తో తెచ్చిన ఫలితం అలాగే నిలవడం మిగతా రైడర్లకి న్యాయమా అంటే, నేను కూడా గట్టిగా అవునని చెప్పలేను.

టైర్ ప్రెషర్ దగ్గరకొస్తే లెక్క వేరు. మెయిన్ రేసులో కనీసం 60 శాతం ల్యాప్‌ల్లో ముందు టైర్ ప్రెషర్ కనిష్ఠ పరిమితికి తగ్గకూడదు. తగ్గితే 16 సెకన్ల పెనాల్టీ. 2025లో ఖతార్‌లో విన్యాలెస్ రెండో స్థానంలో గీత దాటాడు, ఈ పెనాల్టీతో 14వ స్థానానికి పడిపోయాడు. ప్రెషర్ పెట్టింది టీమ్, శిక్ష పడింది రైడర్‌కి. పైగా ముందు బైక్ వెనకాల వేడిగాలిలో నడిస్తే ప్రెషర్ పెరుగుతుంది, ఒంటరిగా ముందు నడిస్తే తగ్గుతుంది. రేసు ఎలా సాగుతుందో ముందే ఊహించి గాలి నింపాలి. మా గ్యారేజీల్లో గ్రిడ్‌కి వెళ్లే ముందు అందరికంటే టెన్షన్ పడేది ఆ గాలి నింపే మనిషే.

అపోహ: సూపర్‌బైక్‌లో షోరూమ్ బైక్‌లే కాబట్టి అక్కడ అంతా న్యాయంగా ఉంటుంది.

బైక్ అమ్మకంలో ఉండాలన్నది నిజమే. కానీ ఏ కంపెనీ షోరూమ్ బైక్ ఎంత గట్టిదన్నది ఆ కంపెనీ చేతిలోనే ఉంటుంది, అందుకే బలమైన బైక్‌ని కాస్త తగ్గించే బ్యాలెన్సింగ్ రూల్స్ వచ్చాయి. 2019లో ఆల్వరో బౌటిస్టా కొత్త డుకాటీ పానిగాలే వీ4 ఆర్ మీద సీజన్ మొదటి 11 రేసులూ గెలిచాడు. మధ్యలోనే డుకాటీ ఆర్‌పీఎం పరిమితి (ఇంజిన్ నిమిషానికి గరిష్ఠంగా తిరిగే చుట్లు) 250 తగ్గించారు. తగ్గించాక కూడా అస్సెన్‌లో రెండు రేసులూ అతనివే. అయినా ఏడాది చివర ఛాంపియన్ కవసాకి రైడర్ జొనాథన్ రే. బౌటిస్టా ఓడిపోయింది ఆ 250 ఆర్‌పీఎం వల్ల కాదు, ఆ తర్వాత వరసగా పడిపోవడం వల్ల.

టీమ్ ఆర్డర్ల (తోటి రైడర్‌కి దారివ్వమని టీమ్ చెప్పడం) సంగతి ఒక్క మాటలో: మోటోజీపీలో వాటిమీద నిషేధం లేదు. 2017లో సెపాంగ్‌లో లోరెన్సో డ్యాష్‌బోర్డ్ మీద "మ్యాపింగ్ 8" అని సలహా కనబడినప్పుడు అది తోటి డుకాటీ రైడర్‌కి దారివ్వమన్న సంకేతమా అని అందరూ దాని అర్థం వెతికారు.

2027లో ఇంజిన్లు 1000 సీసీ నుంచి 850కి దిగుతాయి, రైడ్ హైట్ పరికరాలు (బైక్ ఎత్తు తగ్గించేవి) పోతాయి, టైర్లు మిషెలిన్ నుంచి పిరెల్లీకి మారతాయి. ఇన్నేళ్లుగా పోగేసుకున్న డేటాలో పెద్ద భాగం ఎవరికీ పనికిరాదు. ఆ సీజన్ మొదట్లో ఎవరు ముందుంటారో చూసేటప్పుడు బైక్ మీది స్టిక్కర్ కంటే, మొదటి టెస్టుల్లో ఏ కంపెనీ ఎన్ని ల్యాప్‌లు తిరిగిందో గమనించండి.