షారెన్‌గ్రాడ్ లంక తగాదా: 1945లో తేల్చకుండా వదిలిన గీత

సెర్బియా ఐరోపా సమాఖ్యలో చేరే సంగతి చర్చకు వచ్చినప్పుడల్లా క్రొయేషియాతో దానికున్న డాన్యూబ్ నది సరిహద్దు వివాదం కూడా పైకి వస్తుంది. క్రొయేషియా తూర్పు కొసన, వూకొవార్‌కూ ఇలోక్‌కూ మధ్య నది కుడి గట్టున ఉన్న షారెన్‌గ్రాడ్ గ్రామం ఆ వివాదంలో పదే పదే వినిపించే పేరు. కోట గురించి, ఫ్రాన్సిస్కన్ మఠం గురించి ఇదివరకే చాలామంది రాశారు. ఇప్పటి తగువంతా ఊరికి ఎదురుగా నదిలో ఉన్న లంక గురించే.

దానికి మూలం 1945లో ఉంది. ఆ ఏడాది యుగోస్లావియా కమ్యూనిస్టు నాయకుడు మిలోవాన్ జిలాస్ నాయకత్వంలోని సంఘం నదికి ఎడమ గట్టున ఉన్న బాచ్కా ప్రాంతాన్ని సెర్బియాలోని వొయివొదినా వైపూ, కుడి గట్టున ఉన్న బారాన్యాను క్రొయేషియా వైపూ ఉంచి, హంగరీ హద్దు నుంచి ఇలోక్ దాకా డాన్యూబ్‌నే తాత్కాలిక సరిహద్దుగా సూచించింది. యుగోస్లావియా అనే ఒకే దేశంలోని రెండు రిపబ్లిక్కుల మధ్య గీత కాబట్టి దాన్ని నేలమీద రాళ్లు పాతి ఖరారు చేయాలని ఎవరికీ తోచలేదు. అప్పటికే 19వ శతాబ్దంలో పడవల రాకపోకల కోసం నది మెలికలను కోసి తిన్నగా చేశారు. గ్రామాల భూమి రికార్డులు మాత్రం పాత ధారనే పట్టుకుని ఉండిపోయాయి. అలా క్రొయేషియా గ్రామాల లెక్కలో ఉన్న సుమారు 10,000 హెక్టార్లు సెర్బియా ఉన్న ఎడమ గట్టు వైపు మిగిలాయి. ఈ లంక కూడా షారెన్‌గ్రాడ్ రికార్డులోదే.

1991 అక్టోబరులో యుగోస్లావ్ సైన్యం రావడంతో ఇలోక్ ప్రాంతం నుంచి క్రొయేషియన్లు వెళ్లిపోవలసి వచ్చింది. 1998 జనవరి 15న ఆ ప్రాంతం తిరిగి క్రొయేషియా పాలనలోకి వచ్చినా, లంక మాత్రం రాలేదు; అది సెర్బియా చేతిలోనే ఉండిపోయింది. అక్కడ షారెన్‌గ్రాడ్ వాసుల వారాంతపు ఇళ్లు ఉండేవి. 2002 ఏప్రిల్‌లో సరిహద్దు సంఘం ఏర్పాటుకు రెండు దేశాలూ సంతకాలు చేశాయి. ఆ జులైలోనే, వూకొవార్-స్రియెమ్ జిల్లా అధిపతి, బాచ్కా పలాంక మేయరుతో కలిసి పడవల్లో లంక వైపు వెళ్తున్న బృందంపై, సెర్బియా అప్పటికింకా భాగంగా ఉన్న యుగోస్లావియా సైనికులు హెచ్చరిక కాల్పులు జరిపి, వారిని నిర్బంధంలోకి తీసుకున్నారు. సెర్బియా వైపు నగరానికి మేయరైన వ్యక్తి కూడా ఆ పడవల్లో ఉన్నాడన్నది గమనించదగ్గ విషయం.

సరిహద్దు నది మధ్యగా పోవాలన్నది సెర్బియా వాదన. 1992 జనవరిలో, యుగోస్లావియా విడిపోతున్నప్పటి న్యాయ ప్రశ్నలపై యూరోపియన్ కమ్యూనిటీ వేసిన బాడింటెర్ సంఘం రిపబ్లిక్కుల మధ్య హద్దులే అంతర్జాతీయ సరిహద్దులవుతాయని చెప్పింది గనుక, ఆ హద్దులను భూమి రికార్డుల్లోనే చూడాలని క్రొయేషియా అంటుంది. తన రికార్డుల్లో లేని కుడి గట్టు భూములను అది తనవని చెప్పుకోకపోవడం ఈ వాదనకు బలమే. అలా ఎవరూ అడగని కుడి గట్టు భూమి అయిన గోర్న్యా సిగాపైనే 2015లో ఒక చెక్ రాజకీయ నాయకుడు లిబర్‌లాండ్ అనే దేశాన్ని ప్రకటించాడు.

2023 జనవరి 1న క్రొయేషియా, సరిహద్దు తనిఖీలు లేకుండా దేశాల మధ్య తిరగగల షెంగెన్ ప్రాంతంలో చేరింది. దాంతో షారెన్‌గ్రాడ్‌కూ దాని లంకకూ మధ్య పారే నీరు ఆ ప్రాంతపు వెలుపలి హద్దుగా మారింది. సరిహద్దు ఒప్పందం మాత్రం ఇప్పటికీ కుదరలేదు.