తబలా ఏదైనా తబలానే అనుకుంటే... (సితార్ కచేరీ: అపోహలు, వాస్తవాలు)

"సితార్ ఆయన రైల్లో వస్తుండాడు సార్, తబలాకి ఇబ్బందేం లేదు, గుళ్లో భజనకి వాడేది ఉండాది." నెల్లూరులోనో ఒంగోల్లోనో తొలిసారి హిందుస్తానీ కచేరీ పెట్టేవాళ్లు ఇంత ధీమాగా చెప్పే మాట ఇంకోటి లేదు. మిగతా ఏ పొరపాటునైనా సర్దుకోవచ్చు, దీన్ని మాత్రం వేదికెక్కాక సర్దలేం.

అపోహ: సుత్తితో నాలుగు దెబ్బలేస్తే తబలా ఏ శ్రుతికైనా వస్తుంది.

వాస్తవం: రాదు. ఒక కుడి తబలా (జంటలో కుడిచేతిది, వాడుకలో 'కుడి') తన సొంత శ్రుతికి పైన ఒక మెట్టు, కింద ఒక మెట్టు మాత్రమే హాయిగా కదులుతుంది. మెట్టంటే హార్మోనియం మెట్టే, నల్లదీ తెల్లదీ కలిపి లెక్క: తెల్లవి ఒకటి నుంచి ఏడు, మధ్యలో వచ్చే అరలు నల్లవి. సితార్‌లు ఎక్కువగా ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో ఉంటాయి. ఒకటిన్నరను హిందుస్తానీ వాళ్లు 'కాలీ ఏక్' (నల్ల ఒకటి) అంటారు. ఫోన్లో ఆ మాట విని 'ఒకటో శ్రుతి' అని రాసుకుంటే ఒక మెట్టు అక్కడే పోయింది. రెండును 'సఫేద్ దో' అంటారు.

ఈ శ్రుతులకు ముఖం సుమారు 5¼ నుంచి 5½ అంగుళాలుండే కుడి కావాలి. భజనల్లో ఆడవాళ్ల గొంతుకు వాడేది 6 అంగుళాల దగ్గర ఉంటుంది, ఆరు, ఆరున్నరలో పలుకుతుంది. ఆరున్నర నుంచి ఏడు, ఒకటి, ఒకటిన్నర: మూడు మెట్లు ఎక్కాలి. ఒక్క మెట్టుకే పూరీ (ముఖానికి కప్పిన చర్మం) మీద బిగువు 12 శాతం పెరుగుతుంది. మూడు మెట్లకు 41 శాతం. గట్టాలన్నీ (పట్టీల కింద దూర్చిన కర్రముక్కలు) కిందికి దిగేసరికి 'నా' అనే దెబ్బ చెక్క మీద కొట్టినట్టుంటుంది, 'తిన్' మోగదు. ఇంకొంచెం లాగితే బద్దీ (పూరీని లాగి కట్టే తోలు పట్టీ) తెగుతుంది, లేదా గజరా (పూరీ అంచున అల్లిన జడ) పక్కన పూరీ చిరుగుతుంది. కొత్త పూరీ ఎక్కించినా అది సర్దుకోవడానికి రెండు మూడు రోజులు కావాలి. జనం వచ్చి కూర్చున్నాక చేసే పని కాదు.

పోనీ సితార్‌నే దించమందామా? వాయించే తీగలు ఆరో ఏడో, కింద వాటంతటవే మోగే తరఫ్ తీగలు 11 నుంచి 13. అన్నీ దించాలి. బాజ్ తీగ (రాగం పలికే ముఖ్యమైన తీగ) మందం 0.3 మిల్లీమీటర్లే. అది వదులైతే జవారీ (బ్రిడ్జి మీద తీగ పలికే మోత) గరగరమంటుంది, మీండ్ కోసం తీగను పక్కకు లాగితే స్వరం నిలవదు. సితార్ శ్రుతికి తబలా రావాలి తప్ప తబలా కోసం సితార్ దిగదు.

ఒక్క వెసులుబాటుంది. సితార్ ఒకటిన్నరలో ఉండి, మీ దగ్గర ఐదున్నర కుడి ఉంటే అది సితార్ షడ్జానికి (స) పంచమం (ప) అవుతుంది, గండం గడుస్తుంది. కానీ ఆరోజు వాయించేది మాల్‌కౌంస్ అయితే ఆ రాగంలో పంచమమే లేదు. ప్రతి దెబ్బకూ లేని స్వరం మోగుతుంది. అందుకే వారం ముందే సితార్ వాయించే ఆయన్ను రెండే అడగండి: మీ షడ్జం ఎంత, ఏ రాగాలు? తబలా ఆయన్ను రెండు కుడులు తెమ్మనండి, ఒకటి ఆ శ్రుతిది, ఇంకోటి దానికి ఒక మెట్టు అటో ఇటో.

ఇక మన గాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కోస్తా తేమకు పూరీ వదులై శ్రుతి దిగుతుంది. అదే కుడిని ఏసీ హాల్లో ఫోకస్ లైట్ల కింద పెడితే ఆరి, పైకెక్కుతుంది. బయట వరండాలో శ్రుతి చేసి లోపలికి తెస్తే చేసినదంతా వృథా. రెండు గంటల ముందే లైట్లు, ఏసీ వేసి వాయిద్యాలను వేదిక మీద ఉంచండి. పెడెస్టల్ ఫ్యాను పూరీకి ఎదురుగా వద్దు. పెద్ద తేడాలు గట్టాలతో, చిన్నవి గజరాతో. గజరాను పైనుంచి కొడితే శ్రుతి పెరుగుతుంది, కిందినుంచి కొడితే తగ్గుతుంది. 16 ఘర్‌లను (గజరా చుట్టూ బద్దీల మధ్య చోట్లను) వరసగా కొట్టుకుంటూ పోకూడదు, ఎదురెదురుగా పోవాలి: 1 తర్వాత 9, 5 తర్వాత 13. (కింద చెప్పే తీన్‌తాల్ తాళం వేసేవాళ్లకు ఈ అంకెలు చుట్టాలే.) వదులైందని ఎండలో పెడితే సియాహీ, అంటే పూరీ మీది నల్లటి పూత, మృదంగం వాళ్ల కరణి, బీటలిస్తుంది. డగ్గాకు (జంటలో ఎడమచేతిది) మృదంగం తొప్పిలాగా, అంటే దాని ఎడమ ముఖంలాగా, రవ్వ పెట్టే ఆలోచన కూడా వద్దు, దాని సియాహీ దానికుంది.

మిగతావి గబగబా.

"ఇంకా శ్రుతి చేసుకుంటానే ఉండాడే, వాయించడం వచ్చా?" వచ్చు కాబట్టే చేసుకుంటున్నాడు. తరఫ్ తీగలను ఆ రాగం స్వరాలకే కలపాలి. యమన్ రాగం అయ్యాక మాల్‌కౌంస్ ఎత్తుకోవాలంటే వాటిని మళ్లీ తిప్పాలి. కొన్ని రాగాలకు మెట్లు (తీగల కింద అడ్డంగా ఉండే కడ్డీలు) కూడా జరపాలి, సితార్ మెట్లు దారంతో కట్టినవి.

తబలా ఆయన అరగంట చేతులు కట్టుకుని కూర్చుంటే డబ్బులు దండగ కాదు. మొదట వచ్చే ఆలాప్, జోడ్, ఝాలాలకు తబలా ఉండదు, తాళంతో సాగే గత్‌తో మొదలవుతుంది. మన రాగాలాపనలో మృదంగం ఆగినట్టే.

తాళం అర్థం కాదేమోనని బెదిరేవాళ్లు చాలామంది. బెదరక్కర్లేదు. తీన్‌తాల్ 16 మాత్రలు, నాలుగేసి చొప్పున నాలుగు భాగాలు. 1, 5, 13 మీద చప్పట్లు, 9 మీద విసురు. ఆది తాళం వేసిన చేతికి పది నిమిషాల పని.

పేరొకటైతే రాగమొకటే అనుకోవద్దు. మన హిందోళానికి దగ్గరిది మాల్‌కౌంస్, వాళ్ల హిందోల్ వేరు. మన తోడి స్వరాలు వాళ్ల భైరవిలో ఉంటాయి, వాళ్ల తోడి మన శుభపంతువరాళి వైపు ఉంటుంది. కరపత్రం అచ్చేసేముందు చూసుకోండి.

కవి అమీర్ ఖుస్రో పఖావజ్ అనే రెండు ముఖాల మద్దెలను రెండుగా కోసి తబలా చేశాడన్నది కట్టుకథ. ఆయన 1325లో పోయారు, సితార్, తబలాల ఆధారాలు 18వ శతాబ్దం నుంచి దొరుకుతాయి. వ్యాఖ్యాత చేతికిచ్చే కాగితంలోంచి ఆ వాక్యం కొట్టేయండి.

చివరికి మైకు. సితార్‌కు బ్రిడ్జి ఎదురుగా ముప్పావు అడుగు దూరంలో ఒకటి, కుడికొకటి, డగ్గాకొకటి. ఇద్దరికీ మధ్య చిన్న మానిటర్. షామియానా సౌండ్ అబ్బాయి "ఎకో లేకపోతే పండదన్నా" అంటాడు. తరఫ్ తీగల మోత అతనికి ఒకసారి మైకు లేకుండా దగ్గరగా వినిపించండి, బటన్ తనే తిప్పేస్తాడు.