పెంకులు చెప్పే ఊళ్ల పటం

తవ్వకుండానే మూడు వేల ఏళ్ల నాటి ఊరు ఎక్కడుందో ఎలా చెబుతారని ఒక పాఠకుడు అడిగారు. నడిచి చెబుతారు. గ్రీసు నైరుతి మూలన ఉన్న మెస్సీనియాలో, పైలోస్ రాజభవనం చుట్టుపక్కల, 1990లలో పురావస్తు శాస్త్రవేత్త జాక్ డేవిస్ బృందం ఇదే పని చేసింది. పదిహేను మీటర్ల ఎడంతో వరసగా నిలబడి, తలలు వంచుకుని పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నడుస్తారు. కుండ పెంకు కనబడినప్పుడల్లా చేతిలోని లెక్క మీట (కౌంటర్) నొక్కుతారు. అంచు, పిడి, అడుగు, రంగు గీత లాంటి గుర్తులున్న ముక్కల్ని సంచిలో వేసుకుంటారు. ఒక్కొక్కరి కంటికి ఆనేది అటో మీటరు, ఇటో మీటరు. అంటే పొలంలో ఎనిమిదో వంతు చూస్తే గొప్ప.

మట్టి ఇటుకల గోడ వానకి కరిగిపోతుంది, దూలం చివికిపోతుంది, కంచుని మళ్లీ కరిగించుకుంటారు. పగిలిన కుండ మాత్రం ఎవరికీ అక్కర్లేదు, కాలిన మట్టి కుళ్లదు. నాగలి దాన్ని ఏటా పైకి తెస్తూనే ఉంటుంది.

అయితే అన్ని పెంకులూ ఒకేలా బతకవు. కైలిక్స్ అని మైసీనియన్ల (కంచు యుగం చివర్లో గ్రీసులో ఉన్న జనం) మధుపాత్ర ఒకటుంది. పైన పల్చటి గిన్నె, రెండు పిడులు, కింద బిళ్లలాంటి అడుగు, మధ్యలో పొడవాటి కాడ. గిన్నె ముక్కచెక్కలైపోయినా ఆ కాడ గట్టి మట్టిముద్ద కాబట్టి ఎన్ని నాగళ్లు తగిలినా నిలుస్తుంది, కొత్తగా చేరిన విద్యార్థి కూడా గుర్తుపట్టేస్తాడు. దాంతో క్రీ.పూ. 14, 13 శతాబ్దాల ఊళ్లు పటం మీద దండిగా కనిపిస్తాయి. అంతకుముందు కాలాల్లో చేత్తో చేసి, సరిగా కాల్చని కుండలు మట్టిలో మట్టైపోతాయి. గ్రీసులో చరిత్రపూర్వ కాలపు ఊళ్లు ఇలా ఎన్నో మన కంటపడటం లేదని పురావస్తు పరిశోధకులు బింట్లిఫ్, హోవార్డ్, స్నాడ్‌గ్రాస్ 1999లో వాదించారు. కాబట్టి జనాభా పెరిగిందని గీసిన గ్రాఫులో కొంత కుండ గట్టిదనం కూడా కలిసి ఉంటుంది! పైగా ఒట్టి కాడని చూసి రెండు వందల ఏళ్లలో ఏ పాతికేళ్లదో చెప్పలేం. పటం మీద పక్కపక్కనున్న రెండు చుక్కలు ఒకే కాలంలో ఇరుగుపొరుగు ఊళ్లు కాకపోవచ్చు.

ఊరు లేని చోటా పెంకులు పల్చగా దొరుకుతాయి. ఇళ్ల దగ్గరి పెంటకుప్పని పొలానికి తోలినప్పుడు అందులోని పగిలిన కుండలూ వెళ్లాయన్నది ఒక వివరణ. పాటిదిబ్బ మట్టిని బండ్లకెత్తి చేలో చల్లే మన రైతులకి ఇది చెప్పక్కర్లేదు. (మనవాళ్లు కొందరు అవే దిబ్బల్ని లంకెబిందెల కోసం రాత్రిపూట నిమ్మకాయలు పెట్టి తవ్వేస్తారు. పెంకులన్నీ కలగాపులగమైపోయాక ఏ పొర ఎప్పటిదో ఏ పండితుడూ చెప్పలేడు.) ఇక గ్రీసులోనే మరో మైసీనియన్ కోట టిరిన్స్‌లో వాగు దిగువ పట్నాన్ని మీటర్ల లోతు ఒండ్రు కింద కప్పేసింది. అలాంటి చోట ఎంత నడిచినా కౌంటర్ కదలదు.

పైలోస్‌లో మాత్రం ఒక అదృష్టం ఉంది. రాజభవనం తగలబడినప్పుడు కాలి గట్టిపడ్డ లీనియర్ బి (మైసీనియన్లు గ్రీకు భాష రాసిన లిపి) మట్టి పలకల్లో రాజ్యం రెండు భాగాలనీ, ఒకదానిలో తొమ్మిది, ఇంకోదానిలో ఏడు జిల్లాలనీ ఉంది. పలకల్లో పేర్లున్నాయి, ఎక్కడో లేదు. పొలాల్లో చోట్లున్నాయి, పేర్లు లేవు. ఈ రెంటినీ జతపరచడమే అసలు సరదా. పైలోస్ దగ్గరి ఇక్లైనా అనే చోట పురావస్తు శాస్త్రవేత్త కొస్మోపౌలోస్ బృందం ముందు నడిచి, తర్వాత తవ్వింది. పెద్ద కట్టడాలు బయటపడ్డాయి. అది జిల్లా కేంద్రాల్లో ఒకటని ఆయన అభిప్రాయం. 2010లో అక్కడి చెత్తగుంటలో ఒక పలక ముక్క దొరికింది. చెత్త తగలబెట్టినప్పుడు కాలడం వల్లే అది మిగిలింది. దాని ఒక వైపు మగవాళ్ల పేర్లు, వాటి పక్కన అంకెలు.