రెండు డోసుల మధ్య ఏం జరుగుతుంది?

"రెండో డోసు తేదీ దాటిపోయి రెండు నెలలైంది. మళ్ళీ మొదటి నుంచి వేయించుకోవాలా?" టీకాల గురించి తరచుగా వినబడే ప్రశ్న. దాదాపు అన్ని టీకాలకూ జవాబు ఒకటే: అక్కర్లేదు, ఆగినచోటి నుంచి కొనసాగించండి. అదే నాలుగు వారాల ఎడం ఉండాల్సిన డోసును రెండు వారాలకే వేసేస్తే మాత్రం అది లెక్కలోకి రాదు, మళ్ళీ వేయాల్సిందే. ఆలస్యాన్ని మన్నించే శరీరం తొందరను ఎందుకు మన్నించదు?

తెల్ల రక్తకణాలు ఎన్ని రకాలన్నది ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటుంది, వదిలేద్దాం. ఆ పుస్తకాల్లోనే తాళం, తాళంచెవి బొమ్మ వేసి, యాంటీబాడీ (క్రిమిని పట్టుకోవడానికి శరీరం తయారుచేసే ప్రోటీను) క్రిమికి సరిగ్గా అతుకుతుందని చెప్పేస్తారు. నిజానికి మొదట్లో సరిగ్గా అతకదు. ఏదో మోస్తరుగా అంటుకుంటుంది, అంతే. అతికేలా తయారుచేసుకోవడమే అసలు కథ.

జబ్బకు టీకా వేసిన వారం పదిరోజులకు చంకలోని లింఫు గ్రంథుల్లో జెర్మినల్ సెంటర్లు పుడతాయి. వాటిని విత్తనాలు ఎంపిక చేసే మడి అనుకోండి. విత్తనాలు బి కణాలు, అంటే యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలు. మడిలో ఒక పక్క అవి రోజుకు రెండుమూడుసార్లు విభజన చెందుతూ, యాంటీబాడీ జన్యువులో కావాలనే తప్పులు చేస్తాయి. ఏఐడీ అనే ఎంజైము ఆ జన్యువులోని సి అక్షరాలను యు గా మార్చేస్తుంది; దాన్ని సరిదిద్దబోయే యంత్రాంగం మరికొన్ని తప్పులు చేరుస్తుంది. మామూలు కణంలో జరిగే ఉత్పరివర్తనాల కన్నా ఇది సుమారు పది లక్షల రెట్లు ఎక్కువ! ఏ రైతూ తన విత్తనాన్ని ఇలా పాడుచేసుకోడు.

తర్వాత ఎంపిక. మడి రెండో పక్కన, వలలాంటి కణాలు టీకాలోని క్రిమి ముక్కను, అంటే యాంటిజెన్‌ను వారాల తరబడి పట్టుకుని కూర్చుంటాయి. మారిన బి కణం వచ్చి దాన్ని లాక్కోవాలి. గట్టిగా అంటుకునే కణం ఎక్కువ లాక్కుంటుంది, దాన్ని ముక్కలు చేసి సహాయక టి కణానికి (ఇంకో రకం తెల్ల రక్తకణం) చూపిస్తుంది. టి కణం పెట్టే నీళ్ళు ఈ మడికి ప్రాణం. నీళ్ళు దొరికినవి మళ్ళీ మొదటి పక్కకు వెళ్ళి ఇంకో విడత మొలకెత్తుతాయి. దొరకనివి తాలు, అక్కడే చచ్చిపోతాయి.

ఇలా వారాలపాటు సాగుతుంది. పంట ఇంకా చేతికి రాకముందే మళ్ళీ విత్తితే ఏమవుతుంది? గట్టి గింజలు అప్పటికి తేలవు. పైగా అప్పుడే రక్తంలో నిండుగా ఉన్న మొదటి విడత యాంటీబాడీలు కొత్త డోసును చుట్టేసి తొలగించేస్తాయి. అదే ఆలస్యమైతే ఎంపికైన విత్తనం గాదెలో భద్రంగానే ఉంటుంది. నష్టమల్లా ఆ వ్యవధిలో రక్షణ అరకొరగా ఉండటమే.

మడి నుంచి రెండు రకాల పంట వస్తుంది. జ్ఞాపక బి కణాలు నిద్రపోతూ ఎదురుచూస్తాయి. ప్లాస్మా కణాలు ఎముక మజ్జలో స్థిరపడి, క్రిమి ఉన్నా లేకపోయినా యాంటీబాడీలు తయారుచేస్తూనే ఉంటాయి. రక్తంలోని ఐజీజీ అనే రకం యాంటీబాడీ మూడు వారాల్లో సగమవుతుంది. ఆ లెక్కన ఏడాది తిరిగేసరికి లక్షో వంతు కూడా మిగలకూడదు. మిగులుతోందంటే మజ్జలో ఫ్యాక్టరీ నడుస్తున్నట్టే. 1846లో ఫారో దీవుల్లో తట్టు విజృంభించినప్పుడు, 1781లో అది సోకి బతికున్న ముసలివాళ్ళలో ఒక్కరికీ రెండోసారి రాలేదని పానుమ్ అనే డేనిష్ వైద్యుడు నమోదు చేశాడు. మధ్యలో 65 ఏళ్ళు!

నిద్రపోయే కణాలు లేచి పని మొదలుపెట్టడానికి నాలుగైదు రోజులు కావాలి. హెపటైటిస్-బి లక్షణాలు చూపడానికి నెలలు తీసుకుంటుంది కాబట్టి ఆ జాప్యం ఫరవాలేదు. యాంటీబాడీలు తగ్గిపోయినా ఆరోగ్యవంతులకు బూస్టర్ అవసరం పడదు. ధనుర్వాతం విషం అలా ఆగదు, యాంటీబాడీ ముందే రక్తంలో ఉండాలి. అందుకే దానికి బూస్టర్లు. "జబ్బు చేసి తగ్గితే ఇక రాదు" అనే నమ్మకానికి కూడా ధనుర్వాతమే జవాబు. మనిషిని చంపే మోతాదు విషం కూడా ఎంత తక్కువంటే, రోగనిరోధక వ్యవస్థ దాన్ని గుర్తుపట్టేంత ఉండదు. కోలుకున్నవాళ్ళకూ టీకా వేయాలి.

నీళ్ళు లేని మడీ ఉంది. హిబ్, న్యుమోకాకస్ బాక్టీరియాల పైపూత చక్కెరగొలుసు; టి కణం ప్రోటీను ముక్కల్నే చదవగలదు, చక్కెరను కాదు. ఒట్టి చక్కెర టీకా రెండేళ్ళలోపు పిల్లల్లో దాదాపు పనిచేయకపోవడానికి ముఖ్య కారణం అదే. అందుకని చక్కెరను ధనుర్వాత టాక్సాయిడ్ (నిర్వీర్యం చేసిన విషం) లాంటి ప్రోటీనుకు అతికించారు. బి కణం చక్కెరను పట్టి మొత్తం మింగుతుంది, టి కణానికి ప్రోటీను ముక్క చూపించి నీళ్ళు పెట్టించుకుంటుంది!

ఆలస్యం పనికిరానిది ఒకటుంది: కుక్క కరిచాక వేసే రేబిస్ టీకా. అక్కడ 0, 3, 7 రోజులంటూ వెంటవెంటనే వేసేది మెరుగైన విత్తనం కోసం కాదు, వైరస్ నరాల్లోకి చేరేలోపు ఏదో ఒక పంట తీయాలని. ఆ పంటకు వారం పదిరోజులు పడుతుంది కాబట్టి, తీవ్రమైన గాయంలోకి, చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు) కూడా ఎక్కిస్తారు. అంతకు ముందు గాయాన్ని సబ్బునీళ్ళతో 15 నిమిషాలు కడగాలి.