జిప్సమ్ గోడకు టీవీ: అపోహలు - వాస్తవాలు

హన్మకొండ, కాజీపేట వైపు టీవీలు బిగించడం నా పని. ఒకప్పుడు ఏ ఇంటికి వెళ్లినా ఇటుక గోడే. ఇప్పుడు హాల్లో జిప్సమ్ బోర్డు పార్టిషన్, "అన్నా, టీవీ ఇక్కడే పెట్టాలె" అనే మాట. చూడ్డానికి గోడే. వేలి కణుపుతో కొడితే డబ్బాలా మోగుతుంది.

అపోహ: జిప్సమ్ గోడకు పెద్ద టీవీ అసలు పెట్టకూడదు

పెట్టొచ్చు. బోర్డు మందం మామూలుగా 12.5 మిల్లీమీటర్లు, అంటే అరంగుళం. బరువు మోయాల్సింది అది కాదు, లోపల నిలువుగా ఉండే జీఐ చానెళ్లు, అంటే జింక్ పూత ఉన్న ఇనుప రేకు పట్టీలు. సాధారణంగా రెండడుగులకొకటి ఉంటుంది. చిన్న అయస్కాంతాన్ని దారానికి కట్టి గోడ మీద జరపండి. బోర్డు బిగించిన స్క్రూ దగ్గర టక్కున అతుక్కుంటుంది. అదే నిలువు వరుసలో పైనా కిందా కూడా అతుక్కుంటే చానెల్ దొరికినట్టే. ఒక్కచోటే అతుక్కుంటే నమ్మకండి.

అపోహ: లావు గిట్టీ (స్క్రూ పట్టేందుకు రంధ్రంలో కొట్టే ప్లాస్టిక్ ముక్క) వేస్తే ఆగుతుంది

నన్ను ముంచింది ఇదే. పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఒకరింట్లో 43 అంగుళాల టీవీకి నాలుగు ప్లాస్టిక్ గిట్టీలు కొట్టాను. డ్రిల్ పెడితే ఎర్రపొడికి బదులు తెల్లపొడి రాలింది, బిట్టు ఒక్కసారిగా లోపలికి దిగబడింది. అప్పుడే ఆగాల్సింది. మూడు వారాలకు ఫోన్: "అన్నా, టీవీ వంగి దండం పెడుతున్నది." వెళ్లి చూస్తే పై అంచు గోడకు రెండు వేళ్లు ఎడంగా ఉంది, రంధ్రాలు గుడ్డు ఆకారంలో సాగాయి.

స్క్రూ దిగేకొద్దీ గిట్టీ ఉబ్బి, చుట్టూ ఉన్న ఇటుకను ఒత్తి పట్టుకుంటుంది. ఇక్కడ వెనకంతా ఖాళీ, ఉన్న కాస్త జిప్సమ్ ఒత్తితే పొడైపోతుంది. వెనక రెక్కలు విచ్చుకునే టాగుల్ బోల్టు అంతకంటే మేలు. అయినా చానెల్‌కు సాటి రాదు.

అపోహ: "బోల్టు ప్యాకెట్ మీద 40 కిలోలని ఉంది, నా టీవీ 18 కిలోలే కదా"

గోడకు ఆనుకుని ఉండే ఫిక్స్‌డ్ స్టాండయితే బరువు దాదాపు కిందికే లాగుతుంది. ముందుకు లాగే చేయి స్టాండుతోనే చిక్కు. 18 కిలోల టీవీని గోడ నుంచి 40 సెంటీమీటర్లు ముందుకు లాగారనుకోండి. స్టాండు పై బోల్టులకూ కింది అంచుకూ మధ్య 20 సెంటీమీటర్లే ఉంటే, పై బోల్టులను బయటికి పీకే బలం 36 కిలోలు. చేయి బరువు దీనికి అదనం. నిండు బిందెను నడుముకు ఆనించి మోయడం వేరు, చేయి చాచి పట్టుకోవడం వేరు. జిప్సమ్ గోడకు నేను చేయి స్టాండు బిగించను, లోపల ప్లైవుడ్ ఉంటే తప్ప. ఈ విషయంలో కస్టమర్ అలిగినా సరే.

ఇల్లు కడుతుంటే బోర్డు మూయకముందే, టీవీ వచ్చే చోట చానెళ్లకు అడ్డంగా 18 ఎంఎం ప్లైవుడ్ బిగించమనండి. టేపు పెట్టి, నేల నుంచి ఎత్తు కనబడేలా ఫొటో తీసుకోండి. గోడ మూసేసి ఉంటే పైనుంచే ప్లైవుడ్ పలక వేసి సన్‌మైకా అతికించొచ్చు. చానెల్ రేకు చాలావరకు అరమిల్లీమీటరే, స్క్రూకు ఒకటి రెండు మరల పట్టే దొరుకుతుంది. అందుకని పలకను రెండు మూడు చానెళ్లకు, ఒక్కోదానికి నాలుగైదు స్క్రూలతో పట్టించాలి.

అపోహ: బిగించాక లాగి చూశాం, ఇక టెన్షన్ లేదు

ఆ రోజు లాగింది ఒక్క నిమిషమే. ఎండాకాలంలో కూలర్ తేమ రోజంతా తగిలినా, వెనక బాత్రూం నీళ్లు ఊరినా జిప్సమ్ మెత్తబడి పట్టు పోతుంది. బోర్డు ఉబ్బినట్టు కనబడితే ముందు టీవీ దించండి. స్విచ్‌బోర్డుకు సరిగ్గా పైనా కిందా డ్రిల్ పెట్టొద్దు, వైర్లు అటే వెళ్తాయి.

నేను పాడుచేసిన ఆ 43 అంగుళాల టీవీని నా ఖర్చుతోనే ఎదురుగా ఉన్న ఇటుక గోడకు మార్చాను. పాత చోట నాలుగు రంధ్రాలకు పుట్టీ పెట్టి, మీద క్యాలెండర్ తగిలించారు.