ఎంతసేపు నిద్రపోయాను?

ప్రియమైన పిల్లలకు,

పోయిన వారం మీలో ఒకరు అడిగిన ప్రశ్నకు నేను సరైన జవాబు చెప్పలేదు. "రాత్రి ల్యాప్‌టాప్ మూత మూసేశాను. పొద్దున తెరిస్తే మూలన టైము ఒక్క క్షణం 10:42 అని ఉండి, చూస్తుండగానే 6:05 అయిపోయింది. నిద్రపోయినదానికి తాను ఎంతసేపు నిద్రపోయిందో ఎలా తెలుస్తుంది?" అన్నది ప్రశ్న. "లోపల చిన్న బ్యాటరీ ఉంటుందిలే" అని నేను తప్పించుకున్నాను. అది అబద్ధం కాదు, అలాగని జవాబూ కాదు.

పురాణ కథల్లో ముచుకుందుడు అనే రాజు ఉన్నాడు. దేవతల పక్షాన యుద్ధం చేసి చేసి అలసిపోయి, నిద్రనే వరంగా తీసుకుని ఒక గుహలో పడుకున్నాడు. ఎంతో కాలానికి లేచి బయటికి వచ్చి చూస్తే మనుషులూ జంతువులూ చెట్లూ అన్నీ పొట్టివైపోయి ఉన్నాయి. అప్పుడు గానీ యుగం మారిందని ఆయనకు తెలియలేదు. నిద్రలేచిన ఎవరి సంగతైనా ఇంతే. ఎంతసేపు పడుకున్నామో నిద్రలో కొలవలేం. లేచాక బయట దేన్నో చూసి లెక్కగట్టుకోవాలి. కంప్యూటర్ లేవగానే దేన్ని చూస్తుంది, చూసినదాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్నదే ఈ ఉత్తరంలో విషయం.

కంప్యూటర్‌లో గడియారం ఒకటి కాదు, రెండు. తెర మీద మీకు కనిపించేది ఆపరేటింగ్ సిస్టమ్ (కంప్యూటర్ పనులన్నీ చూసుకునే ప్రధాన ప్రోగ్రాము) నడిపే గడియారం. ప్రాసెసర్‌లో సెకనుకు కోట్లసార్లు ముందుకు జరిగే కౌంటర్ ఒకటి ఉంటుంది. అది ఎంత జరిగిందో చూసుకుంటూ, ఆ లెక్కను సెకన్లలోకి మార్చుకుంటూ టైము చెబుతుంది. సెకనులో వందకోట్లో వంతు దాకా లెక్క చెప్పగల సూక్ష్మం దానిది. అయితే ఆ గొప్పంతా ప్రాసెసర్ మేలుకొని ఉన్నంతసేపే. మూత మూయగానే ప్రాసెసర్‌కు కరెంటు ఆగిపోతుంది, మెమరీకి మాత్రం చెరిగిపోకుండా ఉండేందుకు కాస్త అందుతుంది. జపమాల తిప్పుతూ కునుకు తీసినవాడి లెక్కలాగా, గడియారం ఏ అంకె దగ్గర ఉందో అక్కడే నిలిచిపోతుంది. ఈ మధ్య వచ్చిన కొన్ని యంత్రాలు పూర్తిగా పడుకోకుండా ఒక కన్ను తెరిచే ఉంచుతాయి. వాటి జోలికి ఇప్పుడు పోను.

రెండో గడియారం మదర్‌బోర్డు మీద, అంటే కంప్యూటర్ లోపలి ప్రధాన పలక మీద ఉంటుంది. ఆర్‌టీసీ అంటారు, అంటే రియల్ టైమ్ క్లాక్. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీలో ఇది బోర్డు మీదే ఉండేది, ఆ తర్వాత పీసీలన్నిటికీ మామూలైపోయింది. అంతకుముందు పీసీ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎంత, టైము ఎంత అని అది మనల్నే అడిగేది. బద్ధకించి ఎంటర్ కొట్టామంటే ఆ రోజు పుట్టిన ఫైళ్లన్నిటికీ పుట్టినరోజు 1980 జనవరి 1. నేనూ అలా చాలా ఫైళ్లను కన్నాను.

ఈ ఆర్‌టీసీకి గుండె ఒక క్వార్ట్జ్ ముక్క. మీ సైన్స్ ల్యాబులో శృతిదండం చూసి ఉంటారు కదా, సరిగ్గా అదే ఆకారం, కానీ బియ్యపుగింజంత. అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఇంత వింత అంకె ఎందుకో తెలుసా? కాగితం మీద సగం చేస్తూ పోండి: 16,384, 8,192, 4,096... పదిహేనోసారికి కచ్చితంగా 1 వస్తుంది. వచ్చిన ప్రతి రెండు దెబ్బలకు ఒకటి చొప్పున పైకి పంపే మెట్లను పదిహేను వరుసగా పెడితే, చివరి మెట్టు దగ్గరికి సెకనుకు ఒక్క దెబ్బ చేరుతుంది. దానికి పెద్ద తెలివి అక్కర్లేదు, కరెంటూ దాదాపు అక్కర్లేదు. అందుకే చేతి గడియారాల్లోనూ ఇదే క్వార్ట్జ్, ఇదే అంకె.

నేను చెప్పిన చిన్న బ్యాటరీ దీనికోసమే. డెస్క్‌టాప్‌లలో సాధారణంగా సీఆర్2032 అనే బిళ్ల ఉంటుంది. ఆ అంకెలోనే దాని కొలతలున్నాయి: వెడల్పు 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. కానీ ఒక సంగతి. కంప్యూటర్ నిద్రలో ఉన్నప్పుడు ఆర్‌టీసీ బతికేది మామూలు కరెంటు మీదే, ల్యాప్‌టాప్ అయితే దాని పెద్ద బ్యాటరీ మీదే. ప్లగ్గు పీకేశాకే ఆ బిళ్ల అవసరం పడుతుంది. కాబట్టి నా జవాబు సగం తప్పు కూడాను.

ఇప్పుడు మీరు చూసిన ఆ ఒక్క క్షణానికి వద్దాం. పడుకోబోయే ముందు ఆపరేటింగ్ సిస్టమ్ ఆర్‌టీసీ వైపు చూసి "10 గంటల 42 నిమిషాల 17 సెకన్లు" అని రాసిపెట్టుకుంది. మీరు మూత ఎత్తగానే మళ్లీ అటే చూసింది. "6 గంటల 5 నిమిషాల 51 సెకన్లు." రెంటికీ తేడా తీసి, ఆగిపోయిన తన లెక్కకు కలుపుకుంది. ఈ పని రెప్పపాటులోనే అయిపోతుంది. అయితే తెర మీద బొమ్మ మాత్రం రాత్రిది, మెమరీలో అలాగే మిగిలి ఉన్నది. మూలనున్న అంకెలను తిరిగి గీసేలోపు మీ కన్ను పాత 10:42ని పట్టేసింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఆర్‌టీసీ పూర్తి సెకన్లే చెబుతుంది, చిల్లర చెప్పదు. 17 అన్నప్పుడు నిజంగా 17.1 అయి ఉండవచ్చు, 17.9 అయి ఉండవచ్చు. ఒక్క నిద్రకు సెకను దాకా తేడా రావచ్చు. రోజుకు పదిసార్లు మూత మూసి తెరిచేవారికి ఆ చిల్లర పోగుపడితే? లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను రాసినవారు దీనికో చక్కని చిట్కా పెట్టారు: పడుకునేముందు తన గడియారానికీ ఆర్‌టీసీకీ ఉన్న తేడాను గుర్తుపెట్టుకుని, కిందటిసారి తేడాతో పోల్చి, మిగిలిన చిల్లరను లెక్కలో సర్దేస్తుంది. కిరాణా పద్దులో పైసలు పక్కన రాసుకున్నట్లు.

అంతకంటే పెద్ద బెడద, ఆర్‌టీసీ కచ్చితంగా నడవకపోవడం. ఆ క్వార్ట్జ్ పది లక్షలకు ఇరవై వంతుల తేడాతో నడిస్తే మంచి సరుకే అంటారు. రోజుకు 86,400 సెకన్లు కదా, హెచ్చవేయండి: 1.7 సెకన్లు. పది రోజులు అలా వదిలేస్తే 17. పైగా అది ఎండకూ చలికీ మారుతుంది. 25 డిగ్రీల దగ్గర దాని నడక హుషారుగా ఉంటుంది. అంతకంటే వేడెక్కినా నెమ్మదిస్తుంది, చల్లబడినా నెమ్మదిస్తుంది! 20 డిగ్రీలు అటో ఇటో తేడా వస్తే రోజుకు సెకను పైగా వెనకబడుతుంది. ల్యాప్‌టాప్ పనిచేసేటప్పుడు వేడిగా, పడుకున్నప్పుడు చల్లగా ఉంటుంది కాబట్టి ఆర్‌టీసీ రాత్రి నడక వేరు, పగటి నడక వేరు.

అందుకే లేచిన కంప్యూటర్ ఆర్‌టీసీ మాటను తాత్కాలికంగా నమ్మి, వైఫై దొరకగానే నెట్‌లో సరైన టైము చెప్పే ఇంకో కంప్యూటర్‌ను, అంటే సర్వర్‌ను అడుగుతుంది. అలా అడిగే పద్ధతి పేరు ఎన్‌టీపీ, అంటే నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్. 2024లో కన్నుమూసిన డేవిడ్ మిల్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని 1985లో ప్రకటించారు. నలభై ఏళ్ల తర్వాత కూడా దాని లోపలి లెక్క అదే. నాకైతే ఈ విషయమంతటిలోకీ అందమైనది ఆ లెక్కే, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

చిక్కు ఏమిటంటే, "టైము ఎంత?" అని అడిగిన ప్రశ్న వెళ్లడానికీ జవాబు రావడానికీ కూడా టైము పడుతుంది. జవాబు చేరేసరికే అది పాతబడుతుంది. ఎంత పాతబడిందో తెలియాలంటే సరైన గడియారం కావాలి, మన దగ్గర లేనిదే అది. మిల్స్ ఏం చేశారంటే, నాలుగు చోట్ల టైము రాయించారు. మన కంప్యూటర్ తన గడియారం 0 మిల్లీసెకన్లు చూపుతుండగా ప్రశ్న పంపింది. సర్వర్‌కు అది తన గడియారం ప్రకారం 3050 దగ్గర అందింది, 3060 దగ్గర జవాబు పంపింది. మన గడియారంలో 110 దగ్గర జవాబు చేరింది. వెళ్లేటప్పుడు కనిపించిన తేడా 3050. వచ్చేటప్పుడు 3060లోంచి 110 తీస్తే 2950. రెంటికీ సగటు 3000. అంటే మనం సరిగ్గా మూడు సెకన్లు వెనకబడ్డాం. దారిలో పోయిన టైము ఒక లెక్కలో కలిసి, ఇంకో లెక్కలో తగ్గి, సగటులో మాయమైపోయింది! పోవడానికీ రావడానికీ ఒకే సమయం పట్టిందన్న నమ్మకం మీద ఇదంతా నిలబడింది. ఒక వైపు దారి రద్దీగా ఉంటే ఆ మేరకు లెక్క తప్పుతుంది. అందుకే ఒక్క సర్వర్‌తో, ఒక్కసారి అడగడంతో ఆగరు.

మూడు సెకన్లు వెనకబడ్డామని తెలిసింది. మరి వెంటనే దిద్దేయవచ్చా? ముందుకు దూకడంలో అంత ప్రమాదం లేదు. మనమే ముందున్నామని తేలితే మాత్రం చిక్కే. 6:05:51 అయ్యాక మళ్లీ 6:05:48 వచ్చిందనుకోండి. ఒక ప్రోగ్రాము ఫైలు రాసి టైము వేసింది, ఆ తర్వాత రాసిన ఇంకో ఫైలుకు అంతకంటే ముందు టైము పడింది. ఏది కొత్తదో ఇక ఎవరు చెప్పాలి? అందుకే చిన్న తేడాలను దూకి దిద్దరు, గడియారం నడకను కాస్త మార్చి నెమ్మదిగా కలుపుతారు. ఎన్‌టీపీ పాత ప్రోగ్రాములో హద్దు 128 మిల్లీసెకన్లు. అంతకు లోపు తేడా అయితే సెకనుకు అర మిల్లీసెకను మించకుండా సర్దుతుంది. అలా ఒక పూర్తి సెకను సర్దాలంటే 2000 సెకన్లు, అరగంట పైనే. హద్దు దాటితే దూకుతుంది. తేడా 1000 సెకన్లు దాటితే ఇంకా విచిత్రం: "ఇక్కడేదో తేడాగా ఉంది, నాకు సంబంధం లేదు" అన్నట్లు తన పని చాలించి వెళ్లిపోతుంది.

ఆ చివరి గుణంతో నాకు ఒక పూటంతా పోయింది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో నా ల్యాప్‌టాప్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపేవాడిని. వర్చువల్ మెషీన్ అంటారు, ఒక యంత్రం కడుపులో బొమ్మ యంత్రం. రాత్రి మూత మూశాను. పొద్దున బయటి యంత్రం ఆర్‌టీసీని చూసుకుని టైము దిద్దుకుంది. లోపలిదానికి తాను పడుకున్నట్లే తెలియదు, ఏడు గంటలు వెనకే ఉండిపోయింది. అందులోని టైము ప్రోగ్రాము సర్వర్‌ను అడిగి, ఏడు గంటల తేడా చూసి, ఎవరికీ చెప్పకుండా ఆగిపోయింది. దానిలోకి వెళ్లాలంటే ఫోన్‌లో ముప్పై సెకన్లకోసారి మారే ఆరంకెల కోడు కొట్టాలి. ఆ కోడు టైమును బట్టే పుడుతుంది. నా ఫోన్ ఇవాళ్టి కోడు ఇస్తుంటే, అది రాత్రి కోడు కోసం చూస్తోంది. తప్పు, తప్పు, తప్పు అంటూనే ఉంది. పాస్‌వర్డ్ మార్చాను, ఫోన్ ఆపి మళ్లీ పెట్టాను. మధ్యాహ్నానికి గానీ మూలనున్న గడియారాన్ని చూడాలని తట్టలేదు.

ఇంకో విషయం. మేలుకొని ఉన్నప్పుడు టైము ప్రోగ్రాము ప్రతి క్షణం సర్వర్‌ను వేధించదు. అంతా సవ్యంగా ఉందనిపిస్తే 1024 సెకన్లకోసారే అడుగుతుంది, అంటే పదిహేడు నిమిషాలకు. నిద్రలేచిన సంగతి దానికి ఎవరైనా చెప్పకపోతే, తన వంతు వచ్చేదాకా ఆర్‌టీసీ చెప్పిన తప్పు టైముతోనే కూర్చుంటుంది. మంచి ఆపరేటింగ్ సిస్టమ్‌లు లేవగానే దాన్ని తట్టి లేపుతాయి.

మీలో ప్రోగ్రాములు రాసేవారికి ఒక మాట. "ఎంతసేపైంది?" అని కొలవాల్సినప్పుడు తెర మీద కనిపించే గడియారాన్ని చూడకండి, అది దూకుతుందని చెప్పాను కదా. ఎప్పుడూ వెనక్కి పోని స్టాప్‌వాచీ లాంటిది ఒకటి విడిగా ఉంటుంది. లినక్స్‌లో అది కంప్యూటర్ పడుకుంటే తానూ ఆగుతుంది. 2018లో నిద్ర సమయాన్ని కూడా అందులో కలిపేలా మార్చి చూశారు. పొద్దున లేవగానే కాపలా ప్రోగ్రాములు తమ కింది ప్రోగ్రాముల వంక చూసి, "గంటల తరబడి ఉలుకూ పలుకూ లేదు, చచ్చిపోయి ఉంటాయి" అనుకుని బతికున్నవాటిని ఆపేశాయి. ఆ మార్పును వెంటనే వెనక్కి తీసుకున్నారు. నిద్రను కలిపి లెక్కపెట్టేది కావాలంటే వేరే స్టాప్‌వాచీ ఉంది, దాన్ని అడగాలి.

మీ ల్యాప్‌టాప్‌కు ఏ జబ్బూ లేదు. సెట్టింగుల్లో టైమును దానంతట అదే దిద్దుకునే మీట ఆన్‌లో ఉందో లేదో మాత్రం చూడండి. ప్లగ్గు పీకిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోయే పాత డెస్క్‌టాప్ ఉంటే బ్యాటరీ బిళ్ల మార్చితే చాలు.

ఒక పని చేసిపెట్టండి. సెలవుల్లో పది రోజులు ఆ మీట ఆపేయండి. రోజూ రాత్రి ల్యాప్‌టాప్‌ను పడుకోబెట్టండి. పొద్దున దాని సెకన్లను ఫోన్ సెకన్లతో పోల్చి, తేడా ఒక కాగితం మీద రాయండి. ముందుకు పోతోందా, వెనక్కి పోతోందా, బాగా చల్లగా ఉన్న రాత్రి తేడా పెరిగిందా అన్నది కూడా. పదకొండో రోజు మీట మళ్లీ వేసి, కాగితం నాకు పంపండి. మా ల్యాప్‌టాప్ లెక్క నా దగ్గర సిద్ధంగా ఉంది.

ఆశీస్సులతో,
మీ తాతయ్య